బలమైనదే బతుకుతుందని డబ్బంతా గెలిచిన షేర్లలోనే పెట్టెయ్యొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది గునుపూర్. రాయగడ దగ్గర ఒక ఫెర్రో అల్లాయ్స్ ప్లాంట్‌లో పని చేస్తున్నాను. వయసు 31, జీతం చేతికి 42 వేలు వస్తుంది. డిగ్రీలో జువాలజీ చదివాను. నా దగ్గర 6.5 లక్షల షేర్లున్నాయి. నాలుగు కంపెనీలు, నాలుగూ మెటల్‌వే, ఎందుకంటే ఆ రంగం నాకు తెలుసు, ఈమధ్య బాగా పెరిగాయి కూడా. ఇవి కాక ఇండెక్స్ ఫండ్‌లో (మార్కెట్లోని 50 పెద్ద కంపెనీల షేర్లూ కలిపి కొనేది) లక్ష, డెట్ ఫండ్‌లో (బాండ్లలో పెట్టేది) 50 వేలు ఉన్నాయి గానీ అవి కదలవు మెదలవు. చెల్లి పెళ్లికి 5 లక్షలు ఎఫ్‌డీ వేశాం, పెళ్లి వచ్చే మాఘంలో. వైజాగ్‌లో మా బావ ఆప్షన్స్ చేస్తాడు, అంటే షేర్ల ధరలు పెరుగుతాయా పడతాయా అని కాసే ఒప్పందాలు. ఆయన ఏమంటాడంటే, డార్విన్ చెప్పింది ఇదేనట, బలమైనది బతుకుతుంది, బలహీనమైనది పోతుంది, పోర్ట్‌ఫోలియోలో కూడా ఓడేవాటిని తీసేసి గెలిచేవాటికి వెయ్యాలి అని. నాకూ సైన్స్ ప్రకారం కరెక్టే అనిపిస్తోంది. ఫండ్లు రెండూ అమ్మేసి, ఎఫ్‌డీ కూడా తీసి మెటల్స్‌లో పెట్టి, పెళ్లి టైమ్‌కి బయటికి తీద్దామనుకుంటున్నా. నాన్నకి ఇంకా చెప్పలేదు. ఇందులో తప్పేమైనా ఉందా?

సమాధానం: తమ్ముడూ, ముందు ఎఫ్‌డీ సంగతి చెప్తాను, మిగతాదంతా చదివేలోపు నువ్వు బ్యాంకుకి వెళ్లిపోతావేమోనని నాకు నిజంగా భయంగా ఉంది. దాన్ని ముట్టుకోకు. పెళ్లి మాఘంలో అంటే డబ్బు మాఘంలోనే కావాలి, షేర్లు కోలుకున్నాక ముహూర్తం పెట్టుకుందామని వియ్యాలవారితో అనలేం కదా. 2020 జనవరిలో నిఫ్టీ 12,400 దాటి ఉండేది, మార్చి 24న 7,511 దాకా పడిపోయింది, మధ్యలో గడిచింది రెండు నెలలే. అదే ఏడాది నవంబర్‌కి మళ్లీ పాత ఎత్తుకి చేరింది, నిజమే, కానీ ఏప్రిల్‌లో డబ్బు అవసరమై అమ్ముకున్నవాడికి ఆ నవంబర్‌తో పనేముంది? పైగా అది 50 పెద్ద కంపెనీల లెక్క. నీ దగ్గరున్నవి నాలుగే, నాలుగూ ఒకే రంగానివి.

ఎఫ్‌డీ గురించి ఇంకో మాట, ఇది బావ చెప్పడు. బ్యాంకు డిపాజిట్లకి బీమా ఒక బ్యాంకులో ఒక మనిషికి 5 లక్షల దాకానే, అదీ అసలు వడ్డీ కలిపి (2020 ఫిబ్రవరికి ముందు ఇది లక్షే). నీది అసలే 5 లక్షలు కాబట్టి వడ్డీ చేరగానే దాటిపోతుంది. పెద్ద బ్యాంకైతే పెద్దగా టెన్షన్ అక్కర్లేదు గానీ చిన్న సహకార బ్యాంకులో వేసి ఉంటే మాత్రం రెన్యూవల్ అప్పుడు రెండు బ్యాంకుల్లోకి విడగొట్టు.

ఇప్పుడు డార్విన్ దగ్గరికి వద్దాం. నువ్వు జువాలజీ చదివావు కాబట్టి కాస్త లోతుగానే చెప్తాను, ఎందుకంటే బావ మాటలో తప్పు డబ్బు దగ్గర కాదు, జీవశాస్త్రం దగ్గరే మొదలైంది.

గాలపాగస్ దీవుల్లో డాఫ్నే మేజర్ అని చిన్న దీవి ఉంది. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే దంపతులు 1973 నుంచి దశాబ్దాల పాటు అక్కడి ఫించ్ పిట్టల్ని పట్టి, ముక్కులు కొలిచి, కాళ్లకి రింగులేసి వదిలి, ఏ పిట్ట బతికింది ఏది చచ్చింది లెక్క రాసుకుంటూ వచ్చారు. 1977లో కరువొచ్చింది. చిన్న మెత్తని గింజలు ముందే అయిపోయాయి, మిగిలినవి గట్టివి, ముళ్లున్నవి, మన పల్లేరుకాయ జాతివే. వాటిని చీల్చగలిగిన పెద్ద ముక్కు పిట్టలే ఎక్కువగా బతికాయి, తర్వాతి తరంలో ముక్కు సగటు సైజు పెరిగింది. ఇక్కడిదాకా విన్నవాడు మీ బావలాగే అంటాడు, పెద్ద ముక్కే బలమైనది, డబ్బంతా దాని మీదే పెట్టు అని. కానీ 1982-83లో ఎల్ నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి వానల తీరు మారిపోవడం) వచ్చి ఆ దీవి మీద విపరీతంగా వాన పడింది, తీగలు అల్లుకుపోయి చిన్న గింజలు నిండిపోయాయి, ఆ తర్వాతి ఎండు కాలంలో చిన్న ముక్కు పిట్టలు నెగ్గాయి. అదే దీవి, అదే జాతి, పదేళ్లు కూడా తిరగకుండానే ఎవరు బలమైనవాళ్లన్నది తారుమారైంది.

అంటే ఏదీ ఊరికే బలమైనదిగా ఉండదు, ఆ ఏడాది వాతావరణానికి సరిపోయి ఉంటుంది, అంతే. నీ మెటల్ షేర్లు పెరిగాయంటే మెటల్ ధరలకి కాలం అనుకూలంగా ఉంది. ఆ కాలం ఎన్నాళ్లుంటుందో షేరు ధర చూస్తే తెలియదు. 2008లో సెన్సెక్స్ (బొంబాయి మార్కెట్లోని 30 పెద్ద కంపెనీల సూచీ) సగానికి పైగా పడింది, మెటల్ షేర్లు దానికన్నా చాలా లోతుకి పోయాయి. 2009లో అదే సెన్సెక్స్ 80 శాతం పెరిగింది. ప్లాంట్‌లో అప్పటి సీనియర్లు ఎవరైనా ఉంటే అడుగు, 2008 చివర్లో ఆర్డర్లు ఎలా ఆగిపోయాయో వాళ్లే చెప్తారు.

సరే, వాతావరణం ఏటా మారుతుందనుకుందాం. మారే లోకంలో ఏది నిలబడుతుంది? ఈ ప్రశ్న మీద గట్టి లెక్క కట్టిన పెద్ద శాస్త్రవేత్త ఒకాయన మీ రాష్ట్రంలోనే, భువనేశ్వర్‌లో ఉండేవాడు. జె.బి.ఎస్. హాల్డేన్. ఇంగ్లండ్ వదిలి 1957లో మన దేశానికొచ్చాడు, ముందు కలకత్తా, తర్వాత భువనేశ్వర్, అక్కడే 1964 డిసెంబర్ 1న పోయాడు. (తన శరీరాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు. ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు, తెలియాలని నా కోరిక.) ఆయన, ఎస్.డి. జయకర్ కలిసి 1963లో ఒక పేపర్ రాశారు. ఏటా మారిపోయే పరిస్థితుల్లో ఒకే జాతిలో రెండు రకాల జన్యువులూ ఎలా మిగిలి ఉంటాయి అన్నది విషయం. ఆ లెక్కలో పైకొచ్చే ముఖ్యమైన సంగతి ఏంటంటే, ఏళ్ల తరబడి మారే కాలంలో ఒక రకం నిలుస్తుందా పోతుందా అన్నది చూడాలంటే మనం మామూలుగా కూడి భాగించే సగటు ఒక్కటీ చాలదు, గుణించి మూలం తీసే సగటు కావాలి, స్కూల్లో గుణమధ్యమం అని నేర్పుతారే, అది. ఎందుకంటే తరాలు కూడికలో పెరగవు, గుణకారంలో పెరుగుతాయి. గుణకారంలో ఒక్క సున్నా పడితే అంతకుముందు ఎంత పెద్ద అంకె ఉన్నా మిగిలేది సున్నాయే.

డబ్బు కూడా గుణకారంలోనే పెరుగుతుంది. అందుకే ఈ పోలిక వట్టి అలంకారం కాదు, రెండు చోట్లా ఉన్నది ఒకే గణితం. నిజానికి డేనియల్ బెర్నూలీ అనే గణితవేత్త 1738లోనే జూదం గురించి రాస్తూ ఇదే సగటు దగ్గరికి వచ్చాడు, 1956లో అమెరికా టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో కెల్లీ అనే ఇంజనీరు పందెంలో ఎంత వాటా పెట్టాలన్న లెక్క కడుతూ మళ్లీ అక్కడికే చేరాడు. ఒకరు జూదం, ఒకరు టెలిఫోన్ లైన్లు, ఒకరు జన్యువులు, ముగ్గురూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే మాట చెప్పారంటే నాకు దాని మీద గౌరవం.

అంకెల్లో చూద్దాం, నువ్వూ కాగితం తీసుకుని చెయ్యి. ఒక షేరు ఒక ఏడాది 60 శాతం పెరుగుతుంది, మరుసటి ఏడాది 30 శాతం పడుతుంది, అలా మార్చి మార్చి నడుస్తుందనుకో. కూడి భాగిస్తే సగటు ఏడాదికి 15 శాతం, బావ చెప్పేది ఈ 15. కానీ చేతిలోకి వచ్చేది వేరు. 1.6ని 0.7తో గుణిస్తే 1.12, అంటే రెండేళ్లకి 12 శాతం, ఏడాదికి ఆరు కూడా లేదు. లక్ష పెడితే 20 ఏళ్లకి 3.11 లక్షలు. అదే లక్ష 6 శాతం ఎఫ్‌డీలో ఊరికే పడి ఉంటే 3.21 లక్షలు. అన్నేళ్లు బీపీ పెంచుకుని ఎఫ్‌డీ కన్నా వెనకబడ్డట్టు. ఇప్పుడు అసలు సంగతి. సగం షేరు, సగం ఎఫ్‌డీ పెట్టి, ఏటా ఒకసారి మళ్లీ సగం సగం చేస్తే (దీన్నే రీబ్యాలన్స్ అంటారు)? మంచి ఏడాది 33 శాతం లాభం, చెడ్డ ఏడాది 12 శాతం నష్టం, 1.33ని 0.88తో గుణిస్తే 1.1704. 20 ఏళ్లకి లక్ష కాస్తా 4.82 లక్షలవుతుంది.

ఒకసారి ఆగి ఆలోచించు. షేరు ఒక్కటే అయితే 3.11, ఎఫ్‌డీ ఒక్కటే అయితే 3.21, రెండూ కలిపితే 4.82. రెండిటిలో దేనికీ విడిగా అంత రాలేదు, మరి ఈ ఎక్కువ ఎక్కణ్ణుంచి వచ్చింది? చెడ్డ ఏడాది దెబ్బ చిన్నదవడం వల్ల వచ్చింది, పెరిగినప్పుడు కొంత తీసి పక్కన పెట్టి పడినప్పుడు ఆ డబ్బుతో చవగ్గా కొనడం వల్ల వచ్చింది. నిజం షేర్లు ఇంత చక్కగా మార్చి మార్చి నడవవు, ఇది అర్థం కావడానికి వేసిన అంకె మాత్రమే, మధ్యలో పన్నూ ఖర్చులూ కొంత తింటాయి. కానీ ఆ కదలని ఎఫ్‌డీ, ఆ డెట్ ఫండ్, నువ్వు బలహీనమైనవి అని తీసెయ్యాలనుకుంటున్నవి, అక్కడ ఏం పని చేస్తున్నాయో కనిపించిందా?

ప్రకృతిలో ఇదే పని చేసే జీవులున్నాయి. ఎడారుల్లో ఒక్క సీజన్ మాత్రమే బతికే మొక్కలుంటాయి, వాటి గింజలన్నీ మొదటి వానకే మొలవవు. కొన్ని మొలుస్తాయి, కొన్ని నేలలోనే నిద్రపోతాయి, ఒక్కోసారి ఏళ్ల తరబడి. డాన్ కోహెన్ అనే ఆయన 1966లో దీనికి లెక్క కట్టాడు, ఎంత శాతం మొలవాలి, ఎంత శాతం ఆగాలి అని. ఊహకి ఇలా తీసుకో, మంచి ఏడాది మొలిచిన ప్రతి గింజా 20 గింజలిస్తుంది, వానలేని ఏడాది మొలిచినవన్నీ చస్తాయి. ఒక రకం మొక్క గింజలన్నీ మొలుస్తాయి. ఇంకో రకంలో 60 శాతమే మొలుస్తాయి, 40 శాతం నేలలో క్షేమంగా ఉంటాయి. వరసగా మూడేళ్లు వాన పడింది. మొదటి రకం 8,000 రెట్లయింది, రెండోది 1,900 రెట్లే. ఆ మూడేళ్లూ ఎవరు చూసినా మొదటిదాన్నే మెచ్చుకుంటారు, వీడియోలన్నీ దాని మీదే చేస్తారు. నాలుగో ఏడు వాన లేదు. మొదటి రకం సున్నా, ఇక ఎప్పటికీ సున్నాయే. రెండోది 760 రెట్ల దగ్గర ఇంకా ఉంది, ఐదో ఏడు కోసం ఎదురుచూస్తూ.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది, మీ బావ దారి తప్పింది సరిగ్గా ఇక్కడే. మొలిచిన గింజా, నిద్రపోయిన గింజా శత్రువులు కావు, రెండూ ఒకే తల్లి మొక్కవి. మొలిచిన గింజ పెరిగి మళ్లీ గింజలేస్తే వాటిలో కూడా 60 మొలిచేవి, 40 ఆగేవి ఉంటాయి. నిద్రపోయింది మూడేళ్ల తర్వాత లేచినా అంతే. అంటే అది ప్రతి తరంలోనూ మళ్లీ అదే పాళ్లకి తిరిగొస్తోంది, మనం రీబ్యాలన్స్ అంటున్నది అదే. ప్రకృతి ఎంపిక చేస్తున్నది ఈ గింజనో ఆ గింజనో కాదు, ఆ 60, 40 పాళ్లని. పోర్ట్‌ఫోలియోలో బతకాల్సింది షేరు కాదు, నువ్వు. నీ ఇల్లు. షేర్ల మధ్య పోటీ పెట్టి గెలిచినదాన్ని ఉంచుకోవడం డార్విన్ చెప్పింది కాదు, డార్విన్ పేరు చెప్పి దానికి పూర్తిగా తిరగేసిన పని.

నువ్వుండే చోటికి దగ్గర్లోనే దీన్ని పుస్తకం లేకుండా చేసేవాళ్లున్నారు. నియంగిరి వాలుల్లో డోంగరియా కోందు గిరిజనుల చేలు ఎప్పుడైనా చూశావా? ఒకే చేనులో చోడి, సామ, కంది, ఆముదం, ఇంకా ఎన్నో కలిపి చల్లుతారు, ఒక్కోటి ఒక్కో నెలలో కోతకొస్తుంది. కొరాపుట్ వైపు జయపురం చుట్టుపక్కల వరిలోనూ అంతే, మెట్టకి తొందరగా పండే రకం, పల్లానికి నీళ్లు తట్టుకునే రకం. పద్మశ్రీ కమలా పూజారి దాచి నిలబెట్టినవి అలాంటి నాటు రకాలే. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ వారసత్వంగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో గుర్తించింది. బాగా వాన పడిన ఏడాది ఒక్క హైబ్రిడ్ వేసినవాడికి వీళ్లకన్నా ఎక్కువ బస్తాలు రావచ్చు. వాళ్లు ఆ ఎక్కువ బస్తాల కోసం వెయ్యట్లేదు, ఇంట్లో తిండి గింజ లేని ఏడాది రాకూడదని వేస్తున్నారు.

నువ్వు అనొచ్చు, నా దగ్గర ఒకటి కాదు, నాలుగు కంపెనీలున్నాయి కదా అని. దీనికి నా దగ్గర ఒక కథ ఉంది, నిజంగా జరిగింది. 1970లో అమెరికాలో మొక్కజొన్నకి ఆకు ఎండు తెగులొచ్చింది. రైతులు రకరకాల కంపెనీల విత్తనాలు, రకరకాల పేర్లతో కొన్నారు, అంతా వైవిధ్యమే అనుకున్నారు. కానీ హైబ్రిడ్ విత్తనం చవగ్గా తయారవడానికి ఆ కంపెనీలు దాదాపు అన్నీ టెక్సస్‌లో దొరికిన ఒకే రకం సైటోప్లాజమ్ (కణంలో కేంద్రకం చుట్టూ ఉండే పదార్థం) వాడుకున్నాయి. దేశంలో వేసిన మొక్కజొన్నలో ఎనభై శాతం పైమాటే దానిదే. ఆ శిలీంధ్రానికి సరిగ్గా ఆ సైటోప్లాజమ్ మీదే పట్టు దొరికింది. ఆ ఏడాది దేశం మొత్తం పంటలో దాదాపు 15 శాతం పోయింది, కొన్ని దక్షిణ రాష్ట్రాల్లో అంతకన్నా చాలా ఎక్కువ. సంచీ మీద పేర్లు ఎన్నున్నా లోపలున్నది ఒకటే.

నీ లోపల ఏముందో చూద్దాం. నాలుగు షేర్లు మెటల్. జీతం మెటల్. ప్లాంట్‌లో ఓవర్‌టైమ్, బోనస్ మెటల్. ఉద్యోగం పోయే పరిస్థితి వస్తే అది మెటల్ ధరలు పడినప్పుడే వస్తుంది, అంటే సరిగ్గా నీ షేర్లు కూడా సగమైనప్పుడు. ఇంట్లో జీతం ఆగిన నెలలోనే షేర్లు పాతాళంలో ఉంటాయి, అప్పుడు ఇంటి ఖర్చుకి వాటినే అమ్ముకోవాలి. ఆ రంగం నాకు తెలుసు అని రాశావు, తెలుసు, కాదనను, కానీ ఆ రంగంలో నీ డబ్బు లేకపోయినా నీ బతుకు ఇప్పటికే ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ షేరు ఒక్క రోజులో నాలుగింట మూడు వంతులకి పైగా పడిపోయినప్పుడు, తెలిసిన కంపెనీ అని, మన వాళ్ల కంపెనీ అని పెట్టుకున్నవాళ్లకి ఏమైందో తెలుగువాళ్లకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. అందులో ఉద్యోగమూ చేస్తూ దాచుకున్నదీ అందులోనే పెట్టినవాళ్లకి ఒకే ఉదయం రెండూ కదిలిపోయాయి. అదే రోజు ఇండెక్స్ ఫండ్ పెట్టుకున్నవాడికి సత్యం అన్నది 50లో ఒకటి, కొన్నాళ్లకే సూచీలోంచి దాన్ని తీసేసి ఇంకో కంపెనీని వేశారు. చూడు, ఓడేవాటిని తీసెయ్యాలన్న బావ కోరికని ఇండెక్స్ ఫండ్ నీ చేతికి మట్టి అంటకుండా చేసిపెడుతోంది. నువ్వు బలహీనమైనది అన్న ఆ లక్ష రూపాయల ఫండే.

నాన్నగారి విషయం రాయలేదు గానీ గునుపూర్‌లో దుకాణమో పొలమో ఉంటే అదీ ఈ లెక్కలోకి వేసుకో. పత్తి, వరి పోయిన ఏడాది ఆ ఊళ్లో ఏ వ్యాపారమూ బాగుండదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా మీదుగా పోయినప్పుడు వంశధార ఎలా పొంగిందో మీ ఇంట్లోవాళ్లకి నాకన్నా బాగా గుర్తుంటుంది. ఆ వారం ఆ నది పక్కన ఉన్నవాళ్లందరికీ ఒకేసారి డబ్బు అవసరమైంది, ఒకరినొకరు చేబదులు అడిగే దారి కూడా లేదు. మన ఊరికి, మన రంగానికి సంబంధం లేని చోట కొంత డబ్బు ఉండాలనడానికి అంతకన్నా పెద్ద కారణం నాకు కనపడదు.

ఇక బావ ఆప్షన్స్. పెద్దవాడు, చెడుగా అనను. షేర్ మార్కెట్‌ని పర్యవేక్షించే సెబీ 2024 సెప్టెంబర్‌లో బయటపెట్టిన అధ్యయనం మాత్రం చూపించు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన కోటి మందికి పైగా మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు, పోయిన మొత్తం 1.8 లక్షల కోట్లు దాటింది. పరిణామంలో చచ్చిపోయిన పిట్ట వచ్చి తన కథ చెప్పదు, బతికినదే మన కంటికి కనిపిస్తుంది. మార్కెట్లోనూ మిగిలిన ఆ ఏడుగురే ఫోన్ పట్టుకుని పాఠాలు చెప్తారు, పోయిన 93 మంది ఇంట్లో కూడా చెప్పుకోరు.

అయితే ఈ పోలికని ఎక్కడిదాకా లాగాలో కూడా చెప్పాలి, లేకపోతే నేనూ బావలాగే మాట్లాడినట్టవుతుంది. ప్రకృతికి జాలి లేదు, ముందుచూపు లేదు. వెయ్యి గింజల్లో తొమ్మిది వందలు కుళ్లిపోయినా వంశం నిలిస్తే దానికి చాలు. నీకు అలా కుదరదు, నీకున్నది ఒకే జీవితం, ఒకే చెల్లి పెళ్లి. ప్రకృతి పాళ్లు నేర్చుకోవడానికి వేల తరాలు ఖర్చు పెట్టింది, అందులో ఎన్నో వంశాలు తుడిచిపెట్టుకుపోయాయి. నీకు ముందుచూపు ఉంది, తేదీలు తెలుసు, ఖర్చులు తెలుసు, దాన్ని వాడుకో. కొంతమంది పరిణామం పేరుతో గుడ్డిగా ఏవో కొత్త కాయిన్లు, పెన్నీ షేర్లు కొద్దికొద్దిగా కొని వీటిని మ్యుటేషన్లు (జన్యువుల్లో అనుకోకుండా వచ్చే మార్పులు) అంటుంటారు. మ్యుటేషన్లలో మేలు చేసేవి బహు తక్కువ, నువ్వు క్లాసులో చదివే ఉంటావు. ఆ దారి వద్దు.

నువ్వయితే ఏం చెయ్యాలి? ఫలానా షేరు కొను, ఫలానాది అమ్ము అని నేను చెప్పను, అది సెబీలో రిజిస్టర్ చేసుకున్న సలహాదారు పని. పాళ్లు మాత్రం నా మనసులో ఇలా ఉన్నాయి. ఎఫ్‌డీ పక్కన పెడితే నీ దగ్గర 8 లక్షలున్నాయి. ఇంటికి నెలకి పాతిక వేలు అవుతుందనుకుంటే ఆరు నెలలకి 1.5 లక్షలు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉండాలి. డెట్ ఫండ్‌లో 50 వేలు ఉండనే ఉంది, మెటల్స్‌లోంచి లక్ష తీసి దానికి కలుపు. మెటల్స్‌లో నీ సరదాకి, నీకు తెలిసిన రంగం కాబట్టి, లక్షకి మించి ఉంచకు. ఇండెక్స్ ఫండ్‌ని 3.5 లక్షల దాకా తీసుకెళ్లు. మిగిలిన 2 లక్షల్లో లక్షన్నర ఇంకో ఎఫ్‌డీనో పోస్టాఫీసో, 50 వేలు గోల్డ్ ఫండ్. నీ పీఎఫ్ ఎలాగూ వడ్డీ పక్కన పెరుగుతూ ఉంటుంది, అందుకే వడ్డీ వచ్చేవాటిని ఇంకా పెంచమనట్లేదు. ఈ పాళ్లు వేదవాక్కులేం కావు, పది శాతం అటూ ఇటూ అయినా పర్వాలేదు. మెటల్ మాత్రం 80 శాతం ఉండకూడదు, ఇప్పుడు నీది అంతకు మించే ఉంది.

అమ్మేటప్పుడు పన్ను చూసుకో. ఏడాది దాటిన షేర్ల లాభంలో ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాది లోపైతే 20 శాతం. అందుకని మార్చి 31 లోపు కొంత, ఏప్రిల్ 1 దాటాక కొంత అమ్మితే కలిసొస్తుంది. కానీ మార్చి ఇంకా చాలా దూరంలో ఉంటే పన్ను కోసం ఆగకు, పన్ను పోయేది లాభంలో ఎనిమిదో వంతు, ధర పడితే పోయేది లాభం మొత్తం.

తర్వాత ఏడాదికి ఒక్కసారి, ఎప్పుడో ముందే రాసిపెట్టుకో, రథయాత్ర నెల అనుకో, గుర్తుంటుంది. ఆ రోజు మాత్రమే పాళ్లు చూసి, పెరిగినదాంట్లోంచి తీసి తగ్గినదాంట్లో వెయ్యి. చాలా కష్టంగా ఉంటుంది, పరిగెత్తేదాన్ని అమ్మి పడుకున్నదాన్ని కొనడం మనసుకి అస్సలు నచ్చదు, బావ ఫోన్ చేసి తిడతాడు కూడా. మిగతా ఏడాదంతా డీమ్యాట్ యాప్ తెరవకపోయినా నష్టం లేదు. కొత్తగా జీతంలోంచి వేసేది ఇండెక్స్ ఫండ్‌కే వెళ్లనీ, మెటల్‌కి ఒక్క రూపాయి కూడా వద్దు, నీ జీతమే దానికి చాలు.

నాన్నకి చెప్పలేదన్నావు. ఈ వారమే చెప్పు, ఆ ఎఫ్‌డీ ఆయన కూతురి పెళ్లిది, అందులో ఎంత వడ్డీ వస్తుంది, ఏ తేదీకి చేతికొస్తుంది, ఏ బ్యాంకులో ఎంత ఉంది అన్నవి ఒక కాగితం మీద రాసి ఇద్దరూ దగ్గర పెట్టుకోండి. మెచ్యూరిటీ తేదీ మాఘానికి కనీసం ఒక నెల ముందుండేలా చూడు, కల్యాణ మండపానికి అడ్వాన్సు ముందే కట్టాలి.